ఆన్ రోడ్ ధరలో కనపడని ఖర్చు: చిన్న కారా, సెవెన్ సీటరా, పెద్ద ఎస్‌యూవీనా?

పోయిన నెల మా బావమరిది వాట్సాప్‌లో ఒక కొటేషన్ పంపాడు. ఎక్స్ షోరూమ్ ధర, లైఫ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్, ఫాస్టాగ్, ముందు గార్డు, సీట్ కవర్లు, అన్నీ కలిపి చివర్లో పెద్దక్షరాలతో ఆన్ రోడ్ ధర. ఆ వెంటనే ఫోన్. "బావా, స్కార్పియో ఎన్ తీసేద్దామనుకుంటున్నా. ఏమంటావ్?"

నేనేమంటానో వాడికి తెలుసు. తెలిసీ అడిగాడంటే మనసులో ఎక్కడో అనుమానం ఉందన్నమాట.

వాడి సంగతి కాస్త చెప్పాలి, ఎందుకంటే కారు కొనబోయే చాలామంది కథ ఇదే. ఇంట్లో నలుగురు: భార్యాభర్తలు, ఇద్దరు పిల్లలు. కేపీహెచ్‌బీలో ఫ్లాట్. ఆఫీసు పదకొండు కిలోమీటర్లు. వెళ్ళేటప్పుడూ వచ్చేటప్పుడూ బండిలో వాడొక్కడే. అమ్మానాన్నలు తెనాలి దగ్గర ఊళ్ళో ఉంటారు. సంక్రాంతికీ దసరాకీ, ఇంకా ఎవరిదైనా పెళ్ళికీ వెళ్తారు. పెద్ద బండి ఎందుకురా అంటే వరసగా నాలుగు కారణాలు చెప్పాడు. సేఫ్టీ, మన రోడ్లు, సంక్రాంతి ప్రయాణం. నాలుగోది కొంచెం ఆగి, గొంతు తగ్గించి చెప్పాడు: "రోడ్ ప్రెజెన్స్ ఉంటుంది బావా."

నాలుగోదానికి నా దగ్గర జవాబు లేదు. మన దగ్గర బండి అంటే హోదా. ఎమ్మెల్యే కాన్వాయ్ చూసి పెరిగినవాళ్ళం. మిగతా మూడింటికీ మాత్రం లెక్కలున్నాయి. వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నా.

కొటేషన్‌లో రాయనివి

ఆన్ రోడ్ ధర అంటాం గానీ, ఆ బండి వల్ల రోడ్డు మీద మిగతావాళ్ళు భరించే ఖర్చు అందులో ఒక్క రూపాయి కూడా ఉండదు. పంతంగి టోల్ దగ్గర ఆల్టోకీ ఫార్చ్యూనర్‌కీ ఒకటే ఛార్జీ, రెండూ కారు లెక్కలోకే వస్తాయి. లైఫ్ ట్యాక్స్ బండి ధరని బట్టి పడుతుంది తప్ప బరువుని బట్టి కాదు.

అన్నిటికంటే విచిత్రం థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్. మన బండి వల్ల ఎదుటివాడికి జరిగే నష్టానికే కదా అది ఉన్నది. మరి దాని ప్రీమియం దేన్ని బట్టి? ఇంజిన్ సీసీని బట్టి. 2022 జూన్‌లో అమల్లోకి వచ్చిన రేట్లు చూడండి: 1000 సీసీ లోపు 2,094 రూపాయలు, 1500 సీసీ వరకూ 3,416, ఆపైన 7,897. ఇప్పుడు ఒక లీటరు టర్బో ఇంజిన్‌తో కాంపాక్ట్ ఎస్‌యూవీలు వచ్చాయి. అవి కట్టేది 2,094. వాటికంటే తేలికగా, పొట్టిగా ఉండే స్విఫ్ట్ 1197 సీసీ కాబట్టి 3,416. గుద్దితే ఎవరికి ఎక్కువ దెబ్బ అన్న ప్రశ్న ఈ పట్టికలో ఎక్కడా లేదు.

"జీఎస్టీ కడుతున్నాం కదా" అన్నాడు వాడు. నిజమే, అక్కడ మాత్రం సైజుకి లెక్క ఉంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి పొడవు 4 మీటర్ల లోపుండి, పెట్రోల్ అయితే 1200 సీసీ, డీజిల్ అయితే 1500 సీసీ మించకపోతే 18 శాతం. ఆ గీత దాటితే 40 శాతం. కానీ దాటాక క్రెటా అయినా ఫార్చ్యూనర్ అయినా అదే 40. అంతకుముందు పెద్ద ఎస్‌యూవీల మీద సెస్సుతో కలిపి 50 దాకా ఉండేది, అంటే తగ్గిందే. ఎలక్ట్రిక్ అయితే ఎంత పెద్ద బండికైనా 5 శాతమే. బ్యాటరీ బరువుతో రెండు టన్నుల దగ్గరికొచ్చే ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ కూడా 5 శాతమే కడుతుంది. టన్ను కూడా లేని పెట్రోల్ వ్యాగన్ఆర్ 18 కడుతుంది.

ప్యారిస్‌లో 2024 ఫిబ్రవరిలో దీని మీద ఏకంగా ఓటింగే పెట్టారు. 1.6 టన్నులు, ఎలక్ట్రిక్ అయితే 2 టన్నులు, ఆపైన బరువుండే బయటివాళ్ళ కార్లకు పార్కింగ్ ఫీజు మూడింతలు చేయాలా అని. ఓటేసినవాళ్ళు చాలా తక్కువే, కానీ వాళ్ళలో 54.5 శాతం సరేనన్నారు. ఆ ఏడాది అక్టోబర్ నుంచి నగరం మధ్యలో గంటకు 18 యూరోలు. మన దగ్గర మాల్‌లో బండి ఏదైనా ఒకటే చీటీ.

సేఫ్టీ: ఎవరికి?

ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే పెద్ద బండి కొనేవాళ్ళు మనస్ఫూర్తిగా నమ్మే కారణం ఇదే. పిల్లల్ని ఎక్కించుకుని హైవే మీద వెళ్తాం, బండి గట్టిగా ఉండాలి. తప్పేం లేదు.

రెండు టన్నుల బండీ టన్ను బండీ చెరో 50 కిలోమీటర్ల వేగంతో ఎదురెదురుగా గుద్దుకుని అతుక్కుపోయాయనుకోండి. రెండూ కలిసి పెద్ద బండి వెళ్తున్న వైపే దాదాపు 17 కిలోమీటర్ల వేగంతో కదుల్తాయి. అంటే పెద్ద బండిలో కూర్చున్నవాళ్ళకి వేగం 50 నుంచి 17కి పడింది, మార్పు 33. చిన్న బండిలోవాళ్ళకి 50 నుంచి సున్నాకి వచ్చి మళ్ళీ వెనక్కి 17, మొత్తం 67. ఒంటికి తగిలే దెబ్బ ఈ మార్పుని బట్టే. పెద్ద బండిలోవాళ్ళకి దెబ్బ తగ్గిందంటే అదెక్కడికీ మాయం కాలేదు, ఎదుటి బండిలోకి పోయింది. అమెరికాలో ఇద్దరు ఆర్థికవేత్తలు 2014లో ప్రచురించిన పరిశోధనలో తేలిందీ ఇదే: గుద్దిన బండి వెయ్యి పౌండ్లు, అంటే సుమారు 450 కిలోలు, ఎక్కువ బరువుంటే ఎదుటి బండిలోవాళ్ళు చనిపోయే ప్రమాదం 47 శాతం పెరుగుతుంది.

అది కార్ల సంగతి. మన రోడ్డు మీద ఎదుటివాడు కారులో ఉండడమే తక్కువ. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది పోయారు. వాళ్ళలో 74,897 మంది టూవీలర్ మీదవాళ్ళు, 32,825 మంది నడిచి వెళ్తున్నవాళ్ళు. దాదాపు ప్రతి ముగ్గురిలో ఇద్దరు. స్ప్లెండర్ బరువు నూటపన్నెండు కిలోలు. దాని మీద మొగుడూ పెళ్ళాం, మధ్యలో పిల్లాడు. ఆ బండితో రెండు టన్నుల బండిని పోల్చడానికి లెక్కలు వేసే పనే లేదు.

మరి చిన్న కారులో మనవాళ్ళ పరిస్థితేంటి? ఇరవయ్యేళ్ళ కిందటి చిన్న కార్లు నిజంగానే రేకుడబ్బాలు. ఇప్పుడలా కాదు. డిజైర్‌కి 2024లో గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్ళు కారుని గుద్దించి చూసే క్రాష్ టెస్టులో అయిదు స్టార్లు వచ్చాయి. ఆల్ట్రోజ్‌కి అంతకు చాలా ముందే వచ్చాయి. ఒక్క మాట గుర్తుపెట్టుకోవాలి: ఆ టెస్టులో కారు గుద్దుకునే తీరు తనంత బరువుండే కారు ఎదురొచ్చినట్టుగా ఉంటుంది. కాబట్టి చిన్న కారు అయిదు స్టార్లూ, పెద్ద కారు అయిదు స్టార్లూ ఒకటి కావు. అందుకే ఊళ్ళో అందరూ పెద్దవి కొంటుంటే చిన్నది కొనేవాడికి టెన్షన్. వాడూ పెద్దది కొంటాడు. 2024-25లో మన దేశంలో అమ్ముడైన ప్రయాణికుల వాహనాల్లో దాదాపు 65 శాతం యుటిలిటీ వాహనాలే, అంటే ఎస్‌యూవీలూ, ఎర్టిగా లాంటి సెవెన్ సీటర్లూ. డివైడర్‌నో చెట్టునో గుద్దినప్పుడు మాత్రం బరువు పెద్దగా ఆదుకోదు. ఎత్తైన బండి బోల్తా పడే అవకాశం ఇంకా ఎక్కువ.

బానెట్ ముందు నాలుగేళ్ళ పాప

మాటలతో తేలదని ఒక ఆదివారం వాళ్ళ అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి వెళ్ళాను. మూడో ఫ్లోర్ ఆయనకి ఒక పెద్ద ఎస్‌యూవీ ఉంది. అడిగితే తాళాలిచ్చాడు, మంచివాడు. మా బావమరిదిని డ్రైవర్ సీట్లో కూర్చోబెట్టి, వాళ్ళ చిన్నదాన్ని బంపర్‌కి ఆనించి నిలబెట్టాను. దానికి నాలుగేళ్ళు, ఎత్తు మీటరు.

"కనపడుతోందా?"

"లేదు."

ఒక అడుగు వెనక్కి. లేదు. ఇంకో అడుగు. లేదు. అది నవ్వుతూ చేతులూపుతోంది, వాడికి సెల్లార్ గోడ తప్ప ఏమీ కనపడటం లేదు. అయిదో అడుగు దగ్గర నెత్తి మీద రిబ్బను కనపడిందన్నాడు. తర్వాత పక్కనున్న ఎవరిదో హ్యాచ్‌బ్యాక్‌లో ఇదే ఆట. రెండో అడుగుకే మొహం కనపడింది.

వాడు ఆ తర్వాత చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

చూపు ఒక్కటే కాదు, తగిలే చోటు కూడా వేరు. కిందికి వాలిన బానెట్ ఉన్న కారు మనిషిని మోకాళ్ళ దగ్గర తగుల్తుంది, మనిషి బానెట్ మీదకి పడతాడు. ఎముకలు విరుగుతాయి, కానీ బతికే దారి ఉంటుంది. ఎత్తుగా, నిలువుగా గోడలా ఉండే ముందుభాగం నడుముకో ఛాతీకో, పిల్లలైతే తలకో తగుల్తుంది, మనిషిని ముందుకు తోసి కింద పడేస్తుంది. అమెరికా హైవే సేఫ్టీ ఇన్సూరెన్స్ సంస్థ 2023 నవంబర్‌లో చెప్పిన లెక్క: బానెట్ ఎత్తు 40 అంగుళాలు దాటిన బండ్లు గుద్దితే పాదచారి చనిపోయే అవకాశం, 30 అంగుళాల లోపు ఎత్తుతో వాలుగా ఉండే బానెట్‌తో పోలిస్తే, సుమారు 45 శాతం ఎక్కువ. డల్లాస్‌లో, న్యూజెర్సీలో ఉన్న మనవాళ్ళు ఇంటి ముందు డ్రైవ్‌వేలో బండి కదిపే ముందు పిల్లలెక్కడున్నారో ఒకసారి లెక్కపెట్టుకోండి. అక్కడి పికప్‌ల బానెట్లు మన దగ్గరివాటికంటే ఇంకా ఎత్తు.

కొటేషన్‌లో ఉన్న ముందు గార్డు సంగతి కూడా ఇక్కడే. దాన్ని కొట్టేయించాను. అలాంటి గార్డులు పెట్టడం మోటారు వాహనాల చట్టానికి విరుద్ధమని, చర్య తీసుకోమని 2017 డిసెంబర్‌లోనే కేంద్రం రాష్ట్రాలకు రాసింది. అయినా యాక్సెసరీస్ జాబితాలో దర్జాగా ఉంటుంది. నడిచేవాడికి అది ఇనప కడ్డీ. మనకైనా మేలు చేయదు, ఎయిర్‌బ్యాగ్ సెన్సార్లకు అడ్డం.

హెడ్‌లైట్ల గురించి స్విఫ్ట్‌లో రాత్రిపూట విజయవాడ హైవే మీద వెళ్ళినవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. వెనకాల ఎత్తు బండి వస్తే లో బీమ్ అయినా సరిగ్గా అద్దంలో పడుతుంది.

టేపు తీసుకుని సెల్లార్‌కి వెళ్ళండి

షోరూమ్‌కి వెళ్ళే ముందు చేయాల్సిన పని ఇది. మా బావమరిది స్లాట్ కొలిస్తే పొడవు 5 మీటర్లు, వెడల్పు ఎనిమిదడుగుల ఒక అంగుళం, అంటే 2.46 మీటర్లు. ఒక పక్క స్తంభం. స్కార్పియో ఎన్ వెడల్పు 1.917 మీటర్లు, అద్దాలు కాకుండా. సరిగ్గా మధ్యలో పెడితే అటూ ఇటూ 27 సెంటీమీటర్లు. ఆ సందులోంచి తలుపు తీసుకుని దిగాలంటే మనిషి కాగితంలా ఉండాలి. కాబట్టి ఏం చేస్తాం? పక్క స్లాట్ వైపు జరిపి పెడతాం. ఆ పక్కాయన రోజూ పొద్దున్నే వాచ్‌మన్‌ని పిలుస్తాడు. స్విఫ్ట్ అయితే 1.735 మీటర్లు, అటూ ఇటూ 36 సెంటీమీటర్లు. ఇదీ విశాలమేం కాదు, కానీ దిగొచ్చు.

సెల్లార్ లేని కాలనీల్లో ఈ లెక్క వీధికెక్కుతుంది. ఇరవై అడుగుల రోడ్డు అంటే 6.1 మీటర్లు. రెండు వైపులా గోడలకి ఆనించి స్కార్పియో ఎన్‌లు పెడితే మధ్యలో మిగిలేది 2.27 మీటర్లు. రెండు వ్యాగన్ఆర్‌లు పెడితే 2.86. ఈ అరమీటరు పైచిలుకు తేడాలోనే మంచినీళ్ళ ట్యాంకర్ లోపలికి వస్తుందో, వీధి మొదట్లో నిలబడి హారన్ కొడుతుందో తేలిపోతుంది. మా వీధిలో ఒకసారి 108 వచ్చినప్పుడు ఒక పెద్ద బండి ఓనర్ ఫోన్ ఎత్తలేదు. ముసలాయన్ని మంచం మీద మోసుకొచ్చారు.

ఒక విషయంలో మాత్రం పెద్ద కార్లని తిట్టను. అవి రోడ్లు పాడుచేస్తున్నాయంటారు. రోడ్డుకి జరిగే నష్టం ఇరుసు మీద పడే బరువుకి నాలుగో ఘాతంలో పెరుగుతుందన్నది ఇంజనీర్ల మోటు సూత్రం. దాని ప్రకారం టన్ను బరువు పడే ఇరుసుకంటే పది టన్నులు పడే ఇరుసు పదివేల రెట్లు నష్టం చేస్తుంది. గుంతలు తవ్వేది ఇసుక లారీలు. ఆ లెక్కలో స్విఫ్టూ ఫార్చ్యూనరూ ఇద్దరూ అమాయకులే.

గుంతలూ, స్పీడ్ బ్రేకర్లూ

"అయినా మన రోడ్లకి హైట్ కావాలి బావా." కావాలి. కానీ హైట్‌కీ సైజుకీ సంబంధం మనం అనుకున్నంత లేదు. పంచ్ పొడవు 3.83 మీటర్లు, గ్రౌండ్ క్లియరెన్స్, అంటే నేలకీ బండి అడుగుకీ మధ్య ఎత్తు, 187 మిల్లీమీటర్లు. క్రెటా పొడవు 4.33 మీటర్లు, క్లియరెన్స్ 190. అర మీటరు బండి ఎక్కువ కొంటే మూడు మిల్లీమీటర్లు కలిసొచ్చింది. నెక్సాన్‌కి నాలుగు మీటర్ల లోపే 208 ఉంది. వాన నీళ్ళు మోకాళ్ళ దాకా నిలిచినప్పుడు ఏ బండీ దిగకూడదు, అది వేరే సంగతి.

సంక్రాంతి

అసలు సెవెన్ సీటర్లన్నీ అమ్ముడుపోయేది ఈ ఒక్క పండగ మీదే అని నా అనుమానం. పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు, మూడు టోళ్ళు దాటుకుంటూ అమ్మానాన్నల దగ్గరికి, తిరిగొచ్చేటప్పుడు బియ్యం బస్తా, అరిసెల డబ్బా, గోంగూర పచ్చడి. పెద్ద బండి లేకపోతే ఎలా?

మొదటి సంగతి, ఏడుగురు కూర్చున్నాక స్కార్పియో ఎన్ వెనక సామాను పట్టే చోటు దాదాపు ఉండదు. బస్తా టాప్ మీదే. నిజంగా ఏడుగురు ఉండే ఇల్లయితే ఎర్టిగా చూడండి. వెడల్పు 1.735 మీటర్లు, అంటే స్విఫ్ట్ ఎంతో అంతే. బరువు 1.2 టన్నుల దగ్గర. మూడో వరస వేసి ఉన్నా వెనక 209 లీటర్ల చోటు. బానెట్ వాలుగా ఉంటుంది. రోడ్ ప్రెజెన్స్ ఉండదు, ట్యాక్సీ అనుకుని చెయ్యెత్తుతారని మా బావమరిది బాధ. ఎత్తనీ.

ఇంట్లో నలుగురే ఉండి, ఏడాదికి పదిహేను రోజులు మాత్రం పెద్ద బండి కావాలంటే లెక్క వేరు. చిన్న కారుకీ పెద్ద ఎస్‌యూవీకీ తేడా ఏడు లక్షలనుకుందాం. 9 శాతం వడ్డీకి అయిదేళ్ళ లోను తీసుకుంటే ఆ తేడాకే ఈఎంఐ నెలకు 14,500 పైన, ఏడాదికి లక్షా డెబ్బై నాలుగు వేలు. ట్రావెల్స్ ఇన్నోవా డ్రైవర్‌తో సహా రోజుకి ఆరు వేలనుకున్నా 29 రోజులు తిరగొచ్చు. పెట్రోల్ తేడా ఇంకా కలపలేదు. ఏడాదికి పదివేల కిలోమీటర్లు తిరిగే బండి లీటరుకి 15 బదులు 10 ఇస్తే 333 లీటర్లు ఎక్కువ తాగుతుంది. లీటరు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్. పండక్కి ముందు ఇన్నోవా దొరకడం కష్టమన్నది నిజం. నెల ముందే చెప్పి పెట్టుకోవాలి.

ఎవరికి ఏది

ఆఫీసుకి ఒంటరిగా వెళ్ళేవాళ్ళు, ఇంట్లో నలుగురి లోపున్నవాళ్ళు: హ్యాచ్‌బ్యాక్ లేదా డిజైర్ లాంటి చిన్న సెడాన్. ఊరి రోడ్లు బాగా లేకపోతే పంచ్ సైజు బండి. నెక్సాన్ తరహా నాకు అవసరానికి మించిందే, వెడల్పు 1.8 మీటర్లు దాటుతుంది, అయినా గొడవపడను. అత్తమామలో అమ్మానాన్నలో కలిసుండే ఇల్లయితే ఎర్టిగా, లేదా కారెన్స్. క్రెటా తరహా బండి ఎవరికి అవసరమో నేనింతవరకూ కనిపెట్టలేకపోయాను. సీట్లు అయిదే, క్లియరెన్స్ పంచ్ అంతే, పన్ను 40 శాతం. నడపడానికి హాయిగా ఉంటుందన్నది మాత్రం ఒప్పుకుంటా.

పెద్ద ఎస్‌యూవీ అక్కర్లేదని కాదు. పాడేరు వైపు ఘాట్ రోడ్ల మీద రోజూ మనుషుల్ని, సామాన్లని మోసేవాళ్ళకి, పొలం దారుల్లో తిరిగేవాళ్ళకి, ట్రెయిలర్ లాగేవాళ్ళకి కావాలి. వాళ్ళని చూసి మనం కొనుక్కుంటున్నాం, చిక్కు అదే. తప్పదనుకుని కొంటే ముందు కెమెరా, పార్కింగ్ సెన్సార్లు ఉన్న వేరియంట్ తీసుకోండి, గార్డు పెట్టించకండి, హెడ్‌లైట్ లెవెల్ తగ్గించుకోండి.

మా బావమరిది చివరికి పంచ్ బుక్ చేశాడు. నలుపు రంగు కావాలని పట్టుబట్టాడు, ప్రెజెన్స్ కోసమట. అయిదు మీటర్ల స్లాట్‌లో 3.83 పోను మీటరు పైన మిగిలింది. ఆ చోట్లో పాత యాక్టివా అడ్డంగా పట్టింది. అమ్మేద్దామనుకున్న బండి అలా ఉండిపోయింది, ఇప్పుడు వారంలో మూడు రోజులు ఆఫీసుకి దాని మీదే వెళ్తున్నాడు.